కంప్యూటరును అడగబోయే ముందు కాగితం తీయండి



తిరుపతిలో అలిపిరి దగ్గర ఎప్పుడైనా కాసేపు నిలబడి చూశారా? ఒకపక్క గరుడ విగ్రహం, మరొకపక్క 3,550 మెట్ల కాలిదారి మొదలు, ఇంకొకపక్క ఘాట్ రోడ్డుకు పోయే బండ్లను ఆపి చూసే టోల్‌గేటు. 2022 సెప్టెంబరు చివరి నుంచి ఆ ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ విద్యుత్ బస్సులు కూడా తిరుగుతున్నాయి. నిండా జనంతో, రొద లేకుండా, పొగ లేకుండా మలుపులు తిరుగుతూ పైకి పోతాయి.

ఒకనాడు మా బడి పిల్లలతో అక్కడ నిలబడి ఉండగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. వాళ్ళది పలమనేరు వైపు పల్లె. "సార్, ఈ బస్సు మోటారు ఇంతమందిని మోసుకొని ఎండలో కొండెక్కుతా ఉంది. అయినా కాలడం లేదు. మా బోరు మోటారు భూమిలో చల్లటి నీళ్ళలో మునిగి ఉంటుంది. అది మాత్రం ఒక్క ఏడాదిలో రెండుసార్లు కాలిపోయింది. ఎందుకు సార్?"

ఈ ప్రశ్న చిన్నది కాదు. మన చిత్తూరు ప్రాంతంలో, ముఖ్యంగా పలమనేరు, కుప్పం వైపు, బోర్లు వెయ్యి అడుగుల లోతుకు పోవడం కొత్తకాదు. అంత లోతులో ఉన్న మోటారు కాలిపోతే పైపులు ఒక్కొక్కటే విప్పి పైకి లాగాలి. అందుకు మనుషులు కావాలి, బండి కావాలి. వైండింగుకు మళ్ళీ వేరే ఖర్చు. ఆ నాలుగు రోజులూ టమాటా తోటకు నీళ్ళుండవు. "వోల్టేజి ఎక్కువతక్కువలు వచ్చాయి, కాలిపోయింది" అని అందరూ ఒకే మాట అంటారు. ఆ మాటతో విచారణ ముగిసిపోతుంది. మోటారు మళ్ళీ బోరులోకి దిగుతుంది, మళ్ళీ కాలుతుంది.

అమ్మాయి చెప్పిన వివరాల్లో రెండు నా మనసులో నిలిచాయి. ఒకటి, అది సౌర పలకలతో నడిచే పంపు. పలకలకూ మోటారుకూ నడుమ ఒక కంట్రోలరు పెట్టె ఉంది. రెండు, వైండింగు షాపులో విప్పి చూసినప్పుడు తీగచుట్ట మొత్తం మాడలేదట. కేబులు వచ్చి కలిసే మొదటి చుట్ల దగ్గరే కాలి ఉందట. ఈ రెండు వివరాలూ కలిపి చూస్తే ఒక శాస్త్రీయమైన అనుమానం కలుగుతుంది. దాన్ని లెక్కవేసి చూడవచ్చు. ఆ లెక్క మీరు వేయగలరనీ, వేయాలనీ చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా అనుమానం ఏమిటో చూద్దాం.

పెద్ద గొట్టంలో వేగంగా పారుతున్న నీటిని వాల్వు మూసి హఠాత్తుగా ఆపితే ఏమవుతుంది? గొట్టం 'దడ్'మని అదురుతుంది. పారుతున్న నీరు ఒక్కసారిగా ఆగలేదు. దాని ఒత్తిడి ఒక తరంగమై గొట్టం వెంట వెనక్కి పరుగెత్తుతుంది, చివర తగిలి మళ్ళీ తిరిగివస్తుంది. దీన్ని ఇంజనీర్లు నీటి సుత్తిదెబ్బ అంటారు. రష్యన్ శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ 1897-98లో మాస్కో నగరపు నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి దీనికి సూత్రం కట్టాడు. తరువాత లూయీ బెర్జెరాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు, గొట్టంలో నీటి సుత్తిదెబ్బకూ తీగలో విద్యుత్ దెబ్బకూ లెక్క ఒకటేనని చూపించి, రెంటికీ పనికొచ్చే రేఖాచిత్ర పద్ధతిని తన పుస్తకంలో వివరించాడు.

విద్యుత్తులోనూ అంతే. స్విచ్చి వేసిన క్షణంలోనూ, తీసిన క్షణంలోనూ తీగలో ప్రవాహం, వోల్టేజి నిదానంగా మారవు. ఒక్కసారిగా ఎగిసి, అటూ ఇటూ ఊగి, తరువాత స్థిరపడతాయి. ఆ ఎగిసిన ఘడియలో వోల్టేజి మామూలుకంటే ఎక్కువ ఉంటుంది. దీన్నే స్విచ్చింగ్ అధిక వోల్టేజి అంటారు. పాత చోక్ ట్యూబులైటు మీరు చూసే ఉంటారు. అందులో స్టార్టరు తెరుచుకోగానే చోకులో నిలవ ఉన్న శక్తి ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజిగా మారి ట్యూబును వెలిగిస్తుంది. అక్కడ ఆ ఎగుపు మనకు మేలు చేస్తుంది. మోటారు వైండింగులో అదే కీడు చేస్తుంది.

మామూలు స్టార్టరుతో నడిచే మోటారుకు ఈ దెబ్బ రోజుకు నాలుగైదుసార్లు తగులుతుందేమో. కంట్రోలరుతో నడిచే మోటారు సంగతి వేరు. కంట్రోలరులో ఇన్వర్టరు ఉంటుంది. సౌర పలకల నుంచి వచ్చే ఏకముఖ విద్యుత్తును అది ముక్కలు ముక్కలుగా కోసి మోటారుకు పంపుతుంది. సెకనుకు 4,000 సార్లు కోస్తుందనుకుందాం. అంటే గంటకు 1 కోటి 44 లక్షల సార్లు స్విచ్చి పడుతున్నదన్నమాట. ఎండ బాగా ఉన్న 6 గంటల్లో 8 కోట్ల 64 లక్షల సార్లు!

స్విచ్చి ఎన్నిసార్లు పడుతున్నదనేది ఒక సంగతి, ఎంత నిటారుగా పడుతున్నదనేది ఇంకొక సంగతి. అలిపిరి నుంచి తిరుమలకు రెండు దారులున్నాయి. ఎక్కవలసిన ఎత్తు ఒకటే. ఘాట్ రోడ్డు చుట్టూ తిరిగి మెల్లగా ఎక్కిస్తుంది. కాలిదారిలో మోకాళ్ళ మిట్ట దగ్గర మెట్లు నిటారుగా ఉంటాయి, అక్కడ మోకాళ్ళకు తెలిసివస్తుంది. ఇళ్ళకు వచ్చే 50 హెర్ట్జుల విద్యుత్తు ఘాట్ రోడ్డు లాంటిది. సున్న నుంచి శిఖరానికి చేరడానికి 5,000 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు. ఇన్వర్టరులోని నేటి అర్ధవాహక స్విచ్చి అదే ఎత్తును 0.2 మైక్రోసెకన్లలో ఎక్కేస్తుంది. ఇంత నిటారు మెట్టు వచ్చి తగిలితే, వైండింగులోని చుట్లన్నీ ఆ దెబ్బను సమానంగా పంచుకోలేవు. మొదటి చుట్ల మీదే అధికభాగం పడుతుంది. వైండింగు షాపులో కనబడ్డ ఆనవాలు ఈ అనుమానానికి సరిపోతున్నది.

అయితే బస్సులోనూ ఇన్వర్టరే కదా, దాని మోటారు ఎందుకు కాలదు? ఇప్పుడు కాగితం, పెన్సిలు తీయండి.

మన బోరులో కేబులు 250 మీటర్లు దిగింది. బోరు నుంచి కంట్రోలరు పెట్టిన షెడ్డు దాకా మరో 50 మీటర్లు. మొత్తం 300 మీటర్లు. కేబులులో విద్యుత్ తరంగం కాంతివేగంలో ఇంచుమించు సగం వేగంతో, అంటే మైక్రోసెకనుకు 150 మీటర్ల చొప్పున పోతుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని మీకు ఏడో తరగతి నుంచే తెలుసు. 300ను 150తో భాగిస్తే 2. అంటే స్విచ్చి వేసిన 2 మైక్రోసెకన్లకు గానీ మోటారుకు ఆ సంగతి తెలియదు.

తరంగం మోటారు దగ్గరకు చేరాక ఏమవుతుందో ఒక తాడుతో చూడవచ్చు. బరువైన తాడు చివరకు సన్నని దారం కట్టి, దారాన్ని కిటికీ ఊచకు ముడివేయండి. తాడు రెండవ కొస పట్టుకొని ఒక్కసారి పైకి విదిలించండి. ఎగుపు ఒకటి తాడు వెంట పరుగెత్తి, దారం దగ్గరకు చేరగానే ఇంచుమించు రెండింతల ఎత్తు లేస్తుంది, తరువాత వెనక్కి తిరుగుతుంది. దారం తీసేసి తాడునే ఊచకు గట్టిగా కట్టి చూడండి. ఈసారి ఎగుపు తలకిందులై వెనక్కి వస్తుంది. తరంగ పరావర్తనం పాఠంలో మీరు చదివినది ఇదే.

కేబులు బరువైన తాడు లాంటిది. మోటారు సన్నని దారం లాంటిది. తరంగానికి కేబులు చూపే నిరోధాన్ని 75 ఓములనీ, మోటారు చూపేదాన్ని 1,425 ఓములనీ లెక్క సులువుగా ఉండటానికి అనుకుందాం. ఈ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే పరావర్తన గుణకం వస్తుంది. 1,350ని 1,500తో భాగిస్తే 0.9. అంటే వచ్చిన తరంగంలో తొమ్మిది పదోవంతులు వెనక్కి తిరుగుతుంది. తిరిగేటప్పుడు, వచ్చిన తరంగం మీద అది అదనంగా చేరుతుంది. 415 వోల్టుల మోటారును నడపడానికి ఇన్వర్టరులో ఉండవలసిన ఏకముఖ వోల్టేజి 415ను 1.414తో గుణిస్తే వస్తుంది, అది 587 వోల్టులు. దాన్ని 1.9తో గుణించండి. 1,115 వోల్టులు! కంట్రోలరు దగ్గర మీటరు పెట్టినవాడికి 587కు మించి కనబడదు. భూమిలో ఉన్న మోటారు మాత్రం 1,115 వోల్టుల దెబ్బ తింటున్నది.

అక్కడితో ఆగదు. వెనక్కి తిరిగిన తరంగం ఇన్వర్టరు దగ్గరకు పోతుంది. అది గట్టిగా కట్టిన ఊచ లాంటిది కాబట్టి తలకిందులై మళ్ళీ మోటారుకు వస్తుంది. ఈ రాకపోకలను కాగితం మీద ఏటవాలు గీతలుగా గీస్తే అల్లిక లాంటి బొమ్మ తయారవుతుంది. ఎల్. వి. బ్యూలీ అనే అమెరికన్ ఇంజనీరు పేరుమీద దాన్ని బ్యూలీ జాలకం అంటారు. గీసి చూస్తే మోటారు దగ్గర వోల్టేజి 2వ మైక్రోసెకనులో 1,115, 6వ దానిలో 112, 10వ దానిలో 1,015, 14వ దానిలో 202 అని వస్తుంది. ఇట్లా ఊగి ఊగి చివరకు 587 దగ్గర నిలుస్తుంది. నిజమైన కేబులులో కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి ఊగడం ఇంకా త్వరగా తగ్గుతుంది. కానీ మొదటి దెబ్బ దెబ్బే.

ఇప్పుడు బస్సు దగ్గరకు వద్దాం. బస్సులో ఇన్వర్టరుకూ మోటారుకూ నడుమ కేబులు కొద్ది మీటర్లే. 2 మీటర్లు అనుకోండి. తరంగం పోయి రావడానికి 0.03 మైక్రోసెకన్లు కూడా పట్టదు. స్విచ్చి తన 0.2 మైక్రోసెకన్ల మెట్టు ఎక్కుతూ ఉండగానే తరంగం ఎన్నోసార్లు పోయి వచ్చి సర్దుకుంటుంది. వోల్టేజి రెట్టింపయ్యే వ్యవధి దానికి లేదు. పోయి రావడానికి పట్టే కాలం 0.2 మైక్రోసెకన్లు కావాలంటే కేబులు 15 మీటర్లు ఉండాలి. అంతకు మించితే ప్రమాదం. బస్సుది 2 మీటర్లు, మన బోరుది 300 మీటర్లు. అమ్మాయి ప్రశ్నకు జవాబు ఎండలోనూ లేదు, చల్లటి నీళ్ళలోనూ లేదు. దూరంలో ఉంది.

1,115 వోల్టులు ఎక్కువా తక్కువా? అమెరికాలోని విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం ప్రమాణాలు 600 వోల్టుల లోపు సాధారణ మోటారుకు 1,000 వోల్టుల శిఖరాన్నీ, ఇన్వర్టరు కోసం ప్రత్యేకించి చేసిన మోటారుకు 1,600 వోల్టుల శిఖరాన్నీ హద్దుగా పెట్టాయి. బోరు మోటారు వైండింగు కట్టుబడి వేరు కనుక ఆ అంకెలు దానికి అట్లాగే వర్తించవు. అంచనాకు మాత్రం పనికొస్తాయి. మన 1,115 ఆ రెండు హద్దుల నడుమ పడింది. సాధారణ మోటారును దించితే ముప్పు, తగిన మోటారును దించితే క్షేమం.

ఇదంతా చేతిలెక్క. మరి సాఫ్ట్‌వేర్ ఎందుకు?

చేతిలెక్కలో మనం ఎన్నో సంగతులను సులభం చేసుకున్నాం. మెట్టు పూర్తిగా నిటారు అన్నాం, కేబులులో నష్టం లేదన్నాం, మోటారు ఒక ఉత్త నిరోధం అన్నాం. వీటిని ఒక్కొక్కటే సరిదిద్దుకుంటూ పోతే కాగితం చాలదు, జీవితమూ చాలదు. ఈ కష్టం తీర్చినవారిలో ముఖ్యుడు హెర్మన్ డొమ్మెల్ అనే జర్మన్ ఇంజనీరు. ఆయన 1960లలో మ్యూనిక్‌లో పని మొదలుపెట్టి, తరువాత అమెరికాలోని బానవిల్ విద్యుత్ సంస్థలో కొనసాగించి, 1969లో తన పద్ధతిని ప్రకటించాడు. కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కలోనూ కిర్కాఫ్ నియమాలతో వలయాన్ని మళ్ళీ సాధించడం ఆ పద్ధతి. కేబులును మాత్రం రెండు ఊళ్ళ మధ్య ఉత్తరాలలాగా లెక్కిస్తుంది. ఈ చివర ఇప్పుడు అందేది ఆ చివర 2 మైక్రోసెకన్ల కిందట బయలుదేరినది. ఈ ఆలోచన బెర్జెరాన్‌ది. నీటి గొట్టపు లెక్క కంప్యూటరులోకి ఇట్లా వచ్చింది. దాని నుంచి పుట్టిన ప్రోగ్రాములే నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో 1970ల తొలినాళ్ళలో పుట్టిన 'స్పైస్' అనే ప్రోగ్రాముకు వారసురాలు 'ఎన్‌జీస్పైస్' అయితే డబ్బు పెట్టకుండానే దొరుకుతుంది. మీ బడిలో ఉన్న మామూలు కంప్యూటరు దానికి చాలు.

సాఫ్ట్‌వేర్ గొప్పతనం ఎక్కడ ఉందో చెబుతాను. కంట్రోలరు తరువాత ఒక ఫిల్టరు పెట్టి మెట్టును వాలు చేస్తే లాభమెంత అనే ప్రశ్న వేసుకుందాం. స్విచ్చి ఎక్కే కాలాన్ని 0.2 నుంచి 4 మైక్రోసెకన్లకు, అంటే ఇరవై రెట్లు పెంచామనుకోండి. చాలా తగ్గి ఉంటుందని మీరు ఊహిస్తారు. నేనూ ఊహించాను. లెక్క వేస్తే అదే 1,115 వోల్టులు! కాలం 6 మైక్రోసెకన్లయితే 781, 8 అయితే 613. తరంగం పోయి రావడానికి 4 మైక్రోసెకన్లు పడుతుంది కనుక అంతవరకు పెంచినదంతా వృథా, ఆ తరువాత పెంచిన ప్రతి మైక్రోసెకనూ లాభం. ఇట్లాంటి 'ఇది మారిస్తే ఏమవుతుంది' అనే ప్రశ్నలకు సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో జవాబులిస్తుంది. పైన చెప్పిన మూడు అంకెలూ జాలకం గీసి చేత్తో సరిచూడవచ్చు. చూడండి కూడా.

ఇక నా అసలు మాట.

అదే సాఫ్ట్‌వేరుకు అదే బోరును ఇచ్చి తప్పు జవాబు రాబట్టడం చాలా సులభం. కేబులు స్థానంలో మామూలు తీగ గీత గీశారనుకోండి. కంప్యూటరు ఏ అభ్యంతరమూ చెప్పదు. మోటారు దగ్గర 587 వోల్టులేనని అందమైన బొమ్మ గీసి చూపిస్తుంది. కేబులును సరిగానే ఇచ్చి, కాలపు ముక్కను మాత్రం 50 మైక్రోసెకన్లు పెట్టారనుకోండి. 50 హెర్ట్జుల లెక్కల్లో అంత ముక్క పెట్టడం మామూలే. కానీ 2, 6, 10 మైక్రోసెకన్లలో జరిగిన ఎగుడుదిగుళ్ళు అందులో కనబడనే కనబడవు. అలిపిరి గేటు దగ్గర గంటకొకసారి కన్ను తెరిచి చూసేవాడు కొండకు ఎన్ని బస్సులు పోయాయో ఎట్లా చెప్పగలడు? ప్రోగ్రాము తప్పు చేయలేదు. అడిగినవాడే తప్పు అడిగాడు. తప్పు జవాబు కూడా అంతే నునుపైన గీతతో, అంతే దశాంశ స్థానాలతో వస్తుంది. అందులోనే ఉంది ప్రమాదం.

చేతిలెక్క వేసినవాడు మాత్రం 587ను చూసి మోసపోడు. "రెట్టింపుకు దగ్గరగా రావాలే, ఎందుకు రాలేదు?" అని ఆగుతాడు. ఆ ఒక్క ఆగడం కోసమే కాగితం ముందు, కంప్యూటరు తరువాత అంటున్నాను.

దీనికి రెండు వైపుల నుంచి అభ్యంతరం వస్తుంది. "కంప్యూటరు ఉండగా ఇంకా జాలకాలు గీయడమేమిటి సార్, కాలం మారింది" అని మీలో కొందరంటారు. నిజమే, కాలం మారింది. కానీ తరంగం మారలేదు. అది ఇప్పటికీ మైక్రోసెకనుకు 150 మీటర్లే పోతున్నది. నేను మిమ్మల్ని వంద జాలకాలు గీయమనడం లేదు. ఒక్కటి గీయమంటున్నాను, మీ చేతికి తరంగం తెలియడానికి.

ఇంకొకపక్క నా తోటి ఉపాధ్యాయులు కొందరు "ఇవన్నీ ఇంజనీరింగు చదివేటప్పుడు నేర్చుకుంటారులే, పది పరీక్షలకు పనికిరావు" అంటారు. వారితోనూ నేను ఏకీభవించను. ఎందుకో వినండి. తెలంగాణలో కాళేశ్వరం పథకం కింద లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలో 139 మెగావాట్ల మోటార్లు 7 ఉన్నాయి. అంతటి యంత్రానికి స్విచ్చి వేస్తే ఏమవుతుంది, తీస్తే ఏమవుతుంది అని లెక్కవేయడానికి ఇంజనీర్లుంటారు, సాఫ్ట్‌వేర్ ఉంటుంది, పరీక్షాశాలలుంటాయి. ఉండాలి కూడా. కానీ పలమనేరు పల్లెలో 5 హార్సుపవరు మోటారుకు లెక్క వేసేదెవరు? 2019లో కేంద్రం పి.ఎం. కుసుమ్ పథకం మొదలుపెట్టాక సౌర పంపులు పల్లెలకు ఇంకా ఎక్కువగా వచ్చాయి. మోటారు అమ్మేవారొకరు, కంట్రోలరు అమ్మేవారొకరు, కేబులు అమ్మేవారొకరు, దించేవారు వేరొకరు కావచ్చు. ఎవరి వస్తువు వారిది మంచిదే. మూడూ కలిసినప్పుడు ఏమవుతుందనే లెక్క మాత్రం ఎవరిదీ కాదు. ఆ ఒక్క లెక్క లేనందుకు రైతు మళ్ళీ మళ్ళీ పైపులు ఎత్తుతున్నాడు. పల్లెకు ఇంజనీరు రాకపోవచ్చు. కానీ పల్లెలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఉంది. భాగహారం తెలిసిన పిల్ల. ఉచితంగా దొరికే ప్రోగ్రాము ఉంది. ఈ రెంటినీ కలపడం బడి పని కాకపోతే మరెవరి పని?

అయితే లెక్కకూ హద్దు ఉందని గుర్తుంచుకోండి. మోటారు కాలడానికి కారణాలు అనేకం. నీళ్ళు లేకుండా ఉత్తగా తిరిగినా, బేరింగు బిగుసుకున్నా, కేబులు జాయింటులో నీరు దిగినా కాలుతుంది. స్విచ్చింగ్ దెబ్బ ఈ మోటారును కాల్చగలిగి ఉండేదా కాదా అన్నంతవరకే లెక్క చెబుతుంది. కాల్చిందా లేదా అన్నది విప్పిన వైండింగునూ, ఆసిలోస్కోపుతో కొలిచిన వోల్టేజినీ చూసి నిర్ణయించాలి. పైగా వైండింగు మీది పూత ఎన్నేళ్ళ పాతదో, ఎక్కడ గీరుకుపోయిందో మనం చెప్పనిదే ప్రోగ్రాముకు తెలియదు. కొలతతో సరిపోల్చని లెక్క సగం లెక్కే.

ఇంకొక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి ఎవరూ కంట్రోలరు పెట్టె మూత విప్పకండి. విద్యుత్తు ఆపేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి కొంతసేపు నిలిచి ఉంటుంది. పగటిపూట సౌర పలకలు వాటంతట అవే వోల్టేజి ఇస్తూ ఉంటాయి. మీ ప్రయోగం తాడుతో, కాగితంతో, కంప్యూటరుతో మాత్రమే. కొలత పని తెలిసినవారికి వదలండి.

ఆ అమ్మాయి ఏం చేసిందో చెప్పి ముగిస్తాను. బడిలో తాడు విదిలించింది. నోటుపుస్తకంలో జాలకం గీసింది. తరువాత కంప్యూటరు ముందు కూర్చుంది. మొదటిసారి దానికి 587 అనే వచ్చింది. కేబులును ఉత్త తీగలాగా పెట్టింది మరి. "కాగితంలో 1,115 వచ్చింది కదా సార్, ఇదేదో తప్పు" అని తానే వెతికి సరిచేసుకుంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు కంట్రోలరుతో వచ్చిన పుస్తకం తీసి చదివింది. మోటారు కేబులు ఇన్ని మీటర్లు మించితే కంట్రోలరు తరువాత ఫిల్టరు పెట్టాలని చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉందట. వాళ్ళ బోరు కేబులు దానికంటే చాలా ఎక్కువ. ఆ పుస్తకం అన్నాళ్ళూ షెడ్డులో గూట్లోనే ఉంది. దాన్ని అడగవలసిన ప్రశ్నే ఎవరికీ తెలియలేదు. వాళ్ళ నాయన ఆ పుస్తకం తీసుకొని అమ్మినవారి దగ్గరకు పోయి ఫిల్టరు పెట్టించుకున్నాడు. ఇక మోటారు కాలదని నేను హామీ ఇవ్వలేను. ఇతర కారణాలున్నాయని పైనే చెప్పాను. ఒక కారణాన్ని మాత్రం వాళ్ళు లెక్కవేసి తొలగించుకున్నారు.

మీ ఇంట్లో, మీ పక్కింట్లో కంట్రోలరుతో నడిచే బోరు ఉంటే కేబులు ఎన్ని మీటర్లో కనుక్కోండి. 150తో భాగించండి. రెండుతో గుణించండి. తరంగం పోయి రావడానికి పట్టే కాలం మైక్రోసెకన్లలో వస్తుంది. స్విచ్చి ఎక్కే కాలం దానికంటే తక్కువైతే జాలకం గీయండి. గీసిన తరువాత కంప్యూటరు తెరవండి.